దాగలి మీద మూడు అంకెలు

ఆ ఉదయం నా కలం పాళీ చివర చిన్న తుప్పు మచ్చ కనిపించింది. ఆవగింజలో సగం ఉంటుందేమో. పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లేముందు అరుగు మీద కూర్చుని చాకు మొనతో దాన్ని గీకుతున్నాను. కాగితం మీద నీడ పడింది. తలెత్తి చూస్తే బుద్రి తండ్రి, మా తాత కొలిమికి పక్క గూడెం మనిషి. మోకాళ్ల దాకా ఎర్రమట్టి. అరకు కొండ దిగి, ఉప్పు బళ్ల వెంట విశాఖపట్నం దాకా నడిచి వచ్చాడు.

కొండవాళ్లు మాట తిప్పరు.

"తాత పోనాడు," అన్నాడు. "మొన్న మంగళారం. పొద్దు పొడిసినాక."

మా అమ్మ తండ్రి ఆయన. కమ్మరి. నాకు మిగిలిన ఒకే ఒక్క పెద్దదిక్కు. నేను లేచి నిలబడి అడిగిన మొదటి మాట, "బాధపడ్డాడా?" అని కాదు.

"దగ్గర ఎవరున్నారు?" అన్నాను.

"మా గుంట బుద్రి ఉన్నాది. దాని సేతిలోనే పోనాడు."

ఏడుపు తరవాత వచ్చింది. ముందు వచ్చినది అసూయ. చనిపోయిన మనిషి గురించి రాసేటప్పుడు ఇలాంటివి వదిలేస్తారని తెలుసు. కానీ మా తాత పైపూతకి లొంగే మనిషి కాదు. సరుకు ఎంత నునుపుగా ఉన్నా ముందు కొట్టి చూసేవాడు. కాబట్టి వదలకుండానే రాస్తాను.

మా తాత పుట్టింది మైదానంలో. శృంగవరపుకోట సంతలో కర్రులూ కొడవళ్లూ అమ్ముతూ, కొండవాళ్లు మొండి గొడ్డళ్లు పట్టుకుని రెండు రోజులు నడిచి దిగి రావడం చూసి, "ఈల్లందరూ దిగీకన్నా నానొక్కన్ని ఎక్కడం సులువు కదా," అని అమ్మమ్మతో సహా కొండెక్కేశాడట. అరకు లోయలో సంత జరిగే చోటికి కోసెడు దూరంలో కొలిమి పెట్టాడు. అమ్మమ్మ బతికున్నన్నాళ్లూ ఆయన చిన్న సుత్తితో చోటు చూపిస్తే, సమ్మెట ఎత్తి కొట్టేది ఆవిడే. ఆవిడ పోయాక రెండు పనులూ ఆయనే చేసుకున్నాడు.

నాకు నాలుగేళ్లప్పుడు మా అమ్మ పోయింది. నాన్న నన్ను విశాఖపట్నంలో సిస్టర్ల బడిలో చేర్చి, రంగూను బియ్యం మిల్లుల్లో పనికి ఓడెక్కాడు. ఉత్తరాలు వచ్చేవి, మనిషి రాలేదు. సెలవులివ్వగానే తాత వచ్చి బడి గేటు బయట వేపచెట్టు కింద గొంతుక్కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే రాడు. "ఆ తెల్లమ్మలు ఎదరపడితే దండం పెట్టాలో సలాం కొట్టాలో నాకు తెల్దు," అనేవాడు.

కొండ మీద ఆయన నన్ను చూసుకున్న తీరు గురించి ఎవరికి చెప్పినా అదృష్టవంతురాలివి అంటారు. నులకమంచం కొలిమికి దూరంగా, గాలి వచ్చే వైపు వేసేవాడు. పనసతొనలు ఒలిచి ఆకులో పెట్టి ఇచ్చేవాడు. నిప్పురవ్వలు నా పుస్తకం మీద పడతాయని తడిక కట్టాడు. ఆ తడిక సందులోంచి నేను లోపలికి చూసేదాన్ని. లోపల కొలిమితిత్తి తాడు లాగుతూ బుద్రి ఉండేది.

బుద్రి నాకన్నా ఏడాది చిన్న. పక్క గూడెం పిల్ల. ఒకరోజు వాళ్ల నాన్న గొడ్డలి సాన పట్టించడానికి వెంట వచ్చి, గొడ్డలి తీసుకుని ఆయన వెళ్లిపోయినా అది వెళ్లలేదట. మర్నాడూ వచ్చిందట. మూడో రోజు తాత తిత్తి తాడు దాని చేతికిచ్చాడు. అదీ ఆయన్ని తాత అనే పిలిచేది. కొండ మీద ముసలివాళ్లందరినీ అలాగే అంటారని నాకు తెలుసు. అయినా ఆ మాట నాది కదా అనిపించేది.

నన్ను ఆయన ఒక్కసారీ తిట్టలేదు. దాన్ని రోజంతా తిట్టేవాడు.

"ఎర్రిగుంటా, గాలి బేగి కొట్టు! నిద్దరోతన్నావేటి?"

"నువ్వే నిద్దరోతన్నావు తాతా. ఇనుము తెల్లబడిపోతంది, తియ్యి."

"నువ్వు సెప్తే నాను తియ్యాలా?"

"తియ్యకు మరి. కారిపోతాది."

ఆయన గొణుక్కుంటూ తీసేవాడు. తడిక ఇవతల నేను పుస్తకంలో అదే పేజీ మళ్లీ చదువుకునేదాన్ని. దాని మోచేతుల మీద రవ్వలు పడిన మచ్చలుండేవి. ప్రతి సెలవుల్లోనూ కొత్తవి కనిపించేవి. నా చేతి మీద ఒక్క సిరా మరక ఉండేది.

పదమూడో ఏట ఒక మధ్యాహ్నం వాళ్లిద్దరూ మంచినీళ్లకి బయటికి వెళ్లినప్పుడు నేను తడిక దాటి లోపలికి వెళ్లాను. నేల మీద ఒక కర్రు ముక్క ఉంది. నల్లగా, చల్లగా, మామూలుగా. అది ఎలా ఉంటుందో చూద్దామని తీశాను. నా అరుపుకి ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. తాత నా చేతిని నీళ్ల తొట్టెలో ముంచి పట్టుకున్నాడు. బుద్రి మాత్రం కడుపు పట్టుకుని నవ్వింది.

"నల్లగున్నాదని సల్లగున్నాదనుకున్నాది! తాతా, నీ సదివిన గుంట సూడు!"

"నోర్ముయ్యే," అన్నాడు తాత. నాతో మాత్రం, "ఎర్రగున్నదాన్ని ఎవులూ ముట్టుకోరమ్మా. కాల్చీది నల్లదే," అన్నాడు. ఆ రోజు నుంచి కొలిమిలోకి రావద్దన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నా వేళ్ల మీద మచ్చ కూడా మిగల్లేదు, అంత బాగా పసరు కట్టాడు.

ఇది చదివేవారిలో కొలిమి చూడనివారు ఉంటారు కాబట్టి దాగలి అంటే చెప్పాలి. కాలిన ఇనుమును పెట్టి కొట్టే ఇనుప దిమ్మ అది. నల్లమద్ది మొద్దులో దింపి, కదలకుండా బిగిస్తారు. సుత్తి విరిగితే ఇంకోటి చేసుకోవచ్చు, పట్టకారు వంగితే సరిచేసుకోవచ్చు. దాగలి పోతే కమ్మరికి పని లేదు. మా తాత దాగలి ఆయన తండ్రి నాటిది. నాకు పదిహేనో ఏడు నడుస్తుండగా ఎండాకాలంలో అది అడ్డంగా చీలింది. దుక్కులు రాబోతున్నాయి. ఏడు గూడేల కర్రులు కొలిమి ముందు కుప్పగా పడి ఉన్నాయి. తొలివాన లోపల కొత్త దాగలి కొండెక్కకపోతే ఆ ఏడాది ఏడు గూడేల్లో నాగలి కదలదు.

అది కొనడానికే తాత పట్నం దిగాడు. నాకూ అప్పుడే సెలవులిచ్చారు. వేపచెట్టు కింద ఆయన ఒక్కడే ఉంటాడనుకుని నడుచుకుంటూ వెళ్లాను. పక్కన బుద్రి కూర్చుని ఉంది. దాని వెనక వాళ్ల నాన్న.

"దీన్నెందుకు తెచ్చావు?" అన్నాను మెల్లిగా.

"ఇనడానికి," అన్నాడు తాత. "నా సెవులు సగం పోనాయి కదే. దీని సెవులు మంచియి."

రేవు దగ్గర పాత ఇనుము కొట్టుకి వెళ్లాం. ఓడల సామాను వేలంలో గుత్తగా కొన్న సరుకు అది. గొలుసులు, లంగర్లు, మరమేకులు, వాటి మధ్య ఏడు దాగళ్లు. నేను అన్నిటికంటే ముందు ఒకదాన్ని చూశాను. అంచులు తీర్చినట్టు ఉన్నాయి. పైముఖం నున్నగా ఉంది, మీద లేత నీలం రంగు. పక్కన ఇంగ్లీషు అక్షరాలు పువ్వుల తీగలాగా పోతపోసి ఉన్నాయి.

"ఇది బాగుంది తాతా," అన్నాను. మామూలుగా నా అంతట నేను నోరు విప్పేదాన్ని కాదు. ఆ రోజు విప్పాను.

ఆయన నా మాట కొట్టిపారేయలేదు. బొడ్లోంచి చిన్న ఉక్కు గోళీ తీశాడు. అది ఎప్పుడూ ఆయన దగ్గరే ఉండేది. జానెడు ఎత్తునుంచి ఆ నున్నటి ముఖం మీద వదిలాడు. గోళీ రెండంగుళాలు లేచి, మళ్లీ పడి, నిలిచిపోయింది.

"సెప్పే," అన్నాడు బుద్రితో.

బుద్రి ముక్కు ముడిచింది. "పిండి మీద పడినట్టున్నాది. దీన్ని ఎక్కడో నిప్పులో ఏసినారు తాతా. సచ్చిపోనాది."

"అదే. ఇల్లు గాని ఓడ గాని కాలి ఉంటాది. ఉక్కు మెత్తబడిపోనాది. ఆ నీలం రంగు అందుకే." తాత నా వైపు తిరిగాడు. "ముకం బావుంది గానీ అమ్మా, మనం ఇచ్చిన దెబ్బ మనకి తిరిగివ్వాల. అది దాగలి. ఇది మింగేస్తంది."

అవమానం కాదు అది. ఎవరూ నవ్వలేదు. కానీ ఆ తరవాత నేను గొలుసుల కుప్ప మీద కూర్చుండిపోయాను. ఆ పూటంతా మిగిలినవి చూసింది వాళ్లిద్దరే.

ఆ చూడడం ఎలా ఉండేదో నాకు ఇప్పటికీ ఒక్కొక్కటీ గుర్తుంది. అసూయతో చూసినది మరుపు రాదు. ముందు గోళీని ముఖం మీద అంగుళం అంగుళానికీ వదిలేవారు. ఒకచోట బాగా లేచి పక్కన పడిపోతే ఆ పక్కన లోపల బోలు ఉన్నట్టు. తరవాత తడిగుడ్డతో పైనున్న ఉక్కు పలకకీ కింది దిమ్మకీ మధ్య అతుకు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి, ఇద్దరూ వంగి చూసేవారు. అంతా ఆరిపోయాక ఎక్కడైనా ఒక తడి గీత మిగిలితే అక్కడ చీలిక. ఆ గీత ముందు కనిపించేది బుద్రికే. తరవాత ఆకురాయి పెట్టి అంచు మీద ఒక్క గీత గీసేవారు. ఆకురాయి జారితే మంచిది, కొరికితే మెత్తనిది. చివరికి చిన్న సుత్తితో ఒక్క దెబ్బ. అప్పుడు తాత కళ్లు మూసుకునేవాడు. బుద్రి కళ్లు తెరిచే వినేది.

"సెప్పే?"

"బొంగురు."

"ఇది?"

"ఇది మూలుగుతంది. కాలు ఇరిగినట్టున్నాది."

నిజంగానే దాని పాదం దగ్గర పగులు ఉంది. కొట్టు యజమాని పళ్లు బయటపెట్టి నవ్వాడు. "ఈ పిల్ల నా కొట్టు మూయించేలా ఉందే," అన్నాడు.

"నువ్వు మంచియి పెట్టుకుంటే ఎందుకు మూస్తావు?" అంది బుద్రి.

ఆరోది చూడ్డానికి ఏమీ బాగుండదు. ఒక మూల అంచు పెచ్చు రాలింది. ఒళ్లంతా తుప్పు. సగం మట్టిలో ఉంది. గోళీ దాని మీద పడి, వదిలిన చేతిని వెతుక్కుంటున్నట్టు దాదాపు అక్కడిదాకా లేచింది. సుత్తి తగిలించగానే రేవు చివర గొలుసులు కడుగుతున్న మనుషులు తలలు తిప్పి చూశారు. బుద్రి ఏమీ చెప్పలేదు. తాత ఏమీ అడగలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

ఆ నవ్వు నేను ఎన్నిసార్లో తలుచుకున్నాను. నాకు ఇంగ్లీషు పద్యాలు వచ్చు. కుట్టుపని వచ్చు. నేను ఏం చేసినా తాత మొహంలో ఆ నవ్వు రాలేదు. నా పద్యాలకి ఆయన చేతులు జోడించేవాడు. జోడించిన చేతులు నాకెందుకు?

"బరువెంతో?" అన్నాడు తాత.

అది ముఖ్యమైన సంగతి. ఆ ఏడాది కొండల్లో సిపాయిలు తిరుగుతున్నారు. సామాను మోయించడానికి దొరికిన మగవాడినల్లా పట్టుకుపోతున్నారని గూడేల్లో మగవాళ్లంతా అడవిలోకి వెళ్లిపోయారు. నిరుటి వానలకి ఘాటీ రోడ్డు కోసుకుపోయి బళ్లు కొండ కిందే ఆగిపోతున్నాయి. అక్కణ్ణించి కర్రకి తాళ్లతో వేలాడగట్టి, ముందొకరు వెనకొకరు మోసుకుపోవాలి. ఉన్నది తాత, బుద్రి తండ్రి. ఐదు మణుగుల దాకా ఇద్దరూ మోయగలరు. అంతకు మించితే నలుగురు కావాలి. ఆ నలుగురినీ అడవిలోంచి కబురంపి పిలిపించుకోవాలి.

"నేను తూచలేదు తాతా, గుత్త సరుకు," అన్నాడు కొట్టు యజమాని. "పక్కన అంకెలేవో ఉంటాయి. మీ అమ్మాయి ఇంగ్లీషు బడిలో చదువుతోందన్నారుగా?"

ఆ పూట తాత నన్ను పిలవడం అదే మొదలు.

"ఏటుందో సూడే అమ్మా."

నేను వెళ్లి రుమాలుతో మట్టి తుడిచాను. మూడు అంకెలు, మధ్య మధ్య చుక్కలు. చదివాను. "ఒకటి, రెండు, ఎనిమిది."

"నూటిరవై ఎనిమిది పౌన్లు," అన్నాడు యజమాని. "మణుగుల్లో ఐదు, అంతే."

తాత నా వైపు చూశాడు. నేను తలూపాను.

బుద్రి దాగలి చుట్టూ ఒకసారి తిరిగి, కాలితో తోసి చూసింది. "ఎక్కువ తూగుతాదేమో తాతా."

"రాసున్నాది కదే," అన్నాడు తాత. "సదివింది మా గుంట."

ఆయన దాని మాట పక్కన పెట్టి నా మాట తీసుకోవడం నాకు తెలిసి అదొక్కసారే. బండి మీద కొండ కిందికి వెళ్లిన రెండు రోజులూ నేను ఆ మాటనే నెమరు వేసుకున్నాను. కూలీలు బండిలోకి ఎక్కించేటప్పుడు వాళ్ల మెడల నరాలు ఉబ్బడం కూడా చూశాను.

కొండ కింద బుద్రి తండ్రి కర్ర భుజానికెత్తుకుని ఒక్క అడుగు వేసి దింపేశాడు.

"ఇది అయిదు కాదురా ముసిలోడా."

"నీకు వొయసైపోనాది."

"నాకా! నీ మోకాళ్లు సూసుకో, తాటాకు సప్పుడు సేస్తన్నాయి." ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడు తాత నా వైపు తిరిగాడు. "ఏటమ్మా, సరిగ్గానే సదివినావు గదా?"

"సరిగ్గానే చదివాను తాతా," అన్నాను.

వాళ్లు ఎత్తుకున్నారు. నేను గొడుగు వేసుకుని వెనక నడిచాను. బుద్రి రెండు మూటలు నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. పదడుగులకోసారి ఆగేవారు. తరవాత ఐదడుగులకి. మూడో మలుపు దగ్గర సెలయేరు దాటాలి. బుద్రి తండ్రి కాలు నాచు మీద జారింది. తాత వెనక ఉన్నాడు. ఆయన వదిలేస్తే దాగలి ఊగి ముందు పడ్డవాడి నడుం మీద పడుతుంది. ఆయన వదల్లేదు. ఎండుకర్ర విరిగినట్టు చప్పుడు విన్నాను. కర్ర విరిగిందనుకున్నాను. కర్ర బాగానే ఉంది.

దాగలిని ఒడ్డున దింపాక ఆయన కుడి భుజం పట్టుకుని రాతి మీద కూర్చున్నాడు. మొహం బూడిద రంగుకి తిరిగింది. బుద్రి మూటలు పడేసి పరుగెత్తుకొచ్చింది. ఇంత బరువుది ఎంచినందుకు దాన్ని తిడతాడని నేను నిలబడి ఎదురు చూశాను.

"ఏడవకే," అన్నాడు దానితో. "ఎంచడం బాగా ఎంచినావు."

దాగలి ఆ రాత్రికి కొమ్మల కింద ఉండిపోయింది. మర్నాడు బుద్రి అడవి అంచున నిలబడి కొమ్ముబూర ఊదితే ఆరుగురు మగవాళ్లు చెట్ల మధ్య నుంచి వచ్చారు. సిపాయిల భయం ఉన్నా వచ్చారు. నలుగురు మోస్తూ ఇద్దరు మారుతూ సాయంత్రానికి కొలిమికి చేర్చారు. తొలివాన దాని వెనకే వచ్చింది. ఏడు గూడేల కర్రులూ తయారయ్యాయి.

కానీ తాత కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవలేదు. ఆ ఏడే కాదు, మరెప్పుడూ లేవలేదు. కూర్చుని ఎడమచేత్తో చిన్న సుత్తి వేసి చోటు చూపించేవాడు. సమ్మెట ఎత్తడానికి ఎవరో కావాలి.

"నేను ఎత్తుతాను తాతా," అన్నాను. నిజంగానే అన్నాను.

ఆయన నా చెయ్యి తీసుకుని తిప్పి చూశాడు. "ఇది రాసుకునే సెయ్యే తల్లీ," అన్నాడు. సమ్మెట బుద్రికి ఇచ్చాడు. అమ్మమ్మ పట్టిన సమ్మెట. ఏడేళ్లు అదే ఎత్తింది. మొదట్లో సంతకొచ్చినవాళ్లు ఆడగుంట సమ్మెట కొడుతోందని వింత చూడ్డానికి ఆగేవారు. తరవాత కర్రు ఎక్కడిదని అడిగితే, "ముసిలోడి గుంట కొట్టింది," అనేవారు. ముసలివాడి గుంట అంటే నేను కాను.

నాకంటూ ఒక పని మాత్రం మిగిలింది. అది ఆయన కల్పించిందే. సెలవులకి నేను కొండెక్కిన రోజు, కొలిమి దగ్గర ఎవరున్నా సరే పని ఆపించి, నన్ను దాగలి దగ్గరికి పిలిచేవాడు.

"ఇది ఇంగిలీసు దాగలి. ఏటి రాసున్నాదో మా గుంట సదువుతాది ఇనండి. సదవమ్మా."

నేను వంగి చదివేదాన్ని. "ఒకటి, రెండు, ఎనిమిది." కొండవాళ్లు తలలూపేవారు. బుద్రి కూడా సమ్మెట దించి వినేది. ఆ తరవాతే మొదటి దెబ్బ. రానురాను అదొక ఆచారంలాగా అయిపోయింది. నేను రాని సెలవుల్లో, "సదివేది రానేదు, దాగలి అలిగింది," అనేవాడట.

భుజం విరిగిన మూడో ఏట కాఫీ తోటలో లెక్కలు రాసే రైటరు గుర్రానికి లాడాలు కొట్టించుకోవడానికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. నేను చదవగానే ఆయన నవ్వాడు.

"అది నూటిరవై ఎనిమిది కాదు తాతా. అది ఇంగ్లీషువాళ్ల సీమ లెక్క. చుక్కలు చూడు. మొదటి అంకె హండ్రెడ్‌వెయిట్లు, ఒక్కొక్కటీ నూటపన్నెండు పౌన్లు. రెండోది అందులో నాలుగోవంతులు. మూడోదే విడి పౌన్లు. మొత్తం నూట డెబ్బైఆరు. ఏడు మణుగులు."

బుద్రి తాత భుజం వైపు చూసింది. తాత నా వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. గోళీ లేచి పడేంతసేపు.

"ఎవులి లెక్క ఆలది బాబూ," అన్నాడు రైటరుతో. "గుంటకేటి తెలుస్తాది? ఉన్నది ఉన్నట్టు సదివింది. సదువుకి అంతకంటె ఏటి కావాల?"

ఆ తరవాత కూడా ప్రతిసారీ నన్ను పిలిచి చదివించాడు. మాట తేడా రాలేదు.

పోయినవారం బుద్రి తండ్రితో కలిసి కొండెక్కాను. దినాలు కాకముందే చేరాను. గుమ్మంలో తడిక అలాగే ఉంది. నా నులకమంచం గాలి వచ్చే వైపే ఉంది. కొలిమి చల్లగా ఉంది. దాగలి మీద ఎవరో గుప్పెడు సామలు పోసి ఉంచారు. బుద్రి గోడకి ఆనుకుని నిలబడింది. ఇప్పుడు నాకంటే ఎత్తు, నాకంటే వెడల్పు. కళ్లు వాచి ఉన్నాయి.

"కొలిమి ఎందుకు ముట్టించలేదు?" అన్నాను.

"నువ్వొచ్చీదాకా ముట్టించొద్దన్నాడు తాత. ముందు మా గుంట సదవాల, ఆపైన నువ్వు కొట్టాల అన్నాడు. పోయీముందు రెండు దినాలూ అదే మాట." బొడ్లోంచి ఉక్కు గోళీ తీసి నాకు చూపించింది. నా చేతికివ్వలేదు. "ఇది నాకిచ్చినాడు. దాగలీ సమ్మెటా కూడా నాకే."

"నాకు?"

అది కాస్త ఆలోచించింది. "నీకేటీ ఇవ్వనేదు. అది సదువుకున్నాది, దానికన్నీ ఉన్నాయన్నాడు."

నాకు మళ్లీ అదే వచ్చింది, అరుగు మీద వచ్చినదే. దాని చేతిలో గోళీ అరిగిపోయి మెరుస్తోంది. ఆ గోళీ కోసం నేను చదివినవన్నీ ఇచ్చేసేదాన్ని.

వాకిట్లో ఏడు గూడేలవాళ్లు కర్రులు పట్టుకుని నిలబడ్డారు. బుద్రి సామలు ఒక ఆకులోకి తీసి, దాగలి ముఖం చేత్తో తుడిచింది. తిత్తి దగ్గర వాళ్ల నాన్న కూర్చున్నాడు. నిప్పు రాజుకుంది. కర్రు ఎర్రబడింది. బుద్రి సమ్మెట ఎత్తి పట్టుకుని నా వైపు చూసింది.

"సదువు," అంది.

నేను వంగాను. పెచ్చు రాలిన మూల ఏడేళ్లలో ఇంకాస్త రాలింది. అంకెలు మాత్రం అరగలేదు.

"ఒకటి," అన్నాను. "రెండు. ఎనిమిది."

దెబ్బ పడింది. ఆ మోత లోయ అవతలి కొండకి తగిలి తిరిగి వచ్చింది.

హండ్రెడ్‌వెయిట్ల లెక్క మాకు బడిలో చెప్పింది, మేము రేవు దగ్గరికి వెళ్లడానికి ఆరు నెలల ముందు. తరగతిలో పలక మీద మొదట చేసి చూపించింది నేనే.